చదివినాకే రాయి

ఎర్రగుంట్ల సున్నపురాయి గని. స్టోరు రూములో
నలభై వాకీటాకీలు చార్జర్ల మీద కూసోని
ఎర్రకళ్లతో నన్నే చూస్తాండె.
ఉద్యోగం కొత్త, కేబులు కొత్త,
లాప్‌టాపు మూతకు మాత్రం రాగితీగ చుట్టినారు.

తెర మీద ఇంగ్లీషులో రెండు మీటలు.
మా ఇంటి మాటలో అయితే
ఒకటి చదువు, ఇంకొకటి రాయి.
ఇక్కడ రాయి అంటే అందరూ బండ దిక్కు చూస్తారు.
దిమ్మె, పలక, నాపరాయి, కంకర,
ఇన్ని రాళ్ల నడుమ
నాది ఒక్కటే క్రియాపదం.

మేనేజరు ఇచ్చిన కాగితం ప్రకారం
ఒకటో చానెలు డంపర్లది, రెండోది డ్రిల్లుది,
నాలుగు పేలుళ్లది. దాంట్లో
పెండ్లి కబుర్లు, టమేటా రేట్లు కూడదు.
పక్క ఫ్యాక్టరీ గొంతులు జొరబడకుండా
మాట కింద చెవికందని సన్నకూత ఒకటి,
ఆ కూత గుర్తుపట్టిన సెట్టే తలుపు తీస్తుంది.
గరగర వినపడకుండా స్క్వెల్చి బిగించినాను.
బ్లాస్టరు దస్తగిరి ఒప్పుకోలా:
"నా దాంట్లో కొంచెం వదులు పాపా,
మరీ సద్దు లేకపోతే
సెట్టు సచ్చిందో మనిషి సచ్చినాడో తెలీదు."

మీట నొక్కి పట్టుకుంటే ముప్పై సెకన్లు.
ఆపైన సెట్టే గొంతు మూస్తుంది.

పదిహేడో నెంబరులో తొంభై ఉండె.
చదివినాను. తప్పనుకొని దిద్దినాను.
వెనక ప్లాస్టరు ముక్క మీద, నాకన్నా ముందు పనిచేసిన మస్తానయ్య చేతిరాత,
'ఓ' అని ఒక్క అక్షరం.
అదీ చూసినాను.
ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం. ఎర్రజెండాలు లేచినాయి,
మొదటి సైరను మోగింది, కంప్రెసరు ఆగింది.
నాలుగో చానెల్లో ఎవరో మీట నొక్కినారు.
మాట లేదు.
ఊపిరి, ఇంజను, మళ్లీ ఊపిరి.
తర్వాత, "మే…"
"మే… మే…"
స్టోరులో పిల్లోళ్లు విరగబడి నవ్వినారు.
"ఎవుడ్రా ఆ మేక?"
నేనూ నవ్వినాను. అది రాయకుండా ఉండలేను.
ముప్పై నిండినాయి.
బీప్‌మని పొడుగ్గా ఒక కూత.
నేను రాసిన కూతే అది.

దస్తగిరి నవ్వలా.
"మే అనేదానికి ముప్పై సెకన్లు ఎవునికి పడతాదిరా
మన ఓబులేసుకు తప్ప?
నిలపండి. ఎవురూ ముట్టొద్దు."

మూడో బెంచి కింద, నీడలో
పదకొండు మేకలు,
చెప్పులు తలకింద పెట్టుకొని
గుర్రు కొడతాన్న కాపరి.
లేపితే కసురుకున్నాడంట.

ఆ సాయంత్రం పదిహేడును మళ్లీ చదివినాను.
అంకె చదవడం, మనిషిని చదవడం
ఒకే కేబులుతో అయ్యే పని కాదు.
తొంభై రాసినాను.
మేనేజరు అడిగితే ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
మస్తానయ్య ఏం చెప్పినాడో, అసలు చెప్పినాడో లేదో.

షిఫ్టు దిగి వచ్చినాడు ఓబులేసు,
మీసాల మీద తెల్లదుమ్ము.
సెట్టు చేతికిచ్చి, మాట్లాడి చూడన్నా అన్నాను.
నేను గుమ్మం అవతల ఇంకో సెట్టు చెవికి పెట్టుకొని నిలబడినా.
"బ్యా…"
నోటి చివర దాకా వచ్చింది, అందిద్దామని.
నాలుక పండ్ల కింద పెట్టి బిగించినాను.
"బ్యా… బ్యా…"
గడియారం చూడగూడదనుకుంటానే చూసినా.
నలభై రెండు సెకన్లకు
మాట మొత్తం, ఎక్కడా తెగకుండా వచ్చింది:

"బ్యాటరీ బాలేదు పాపా. మార్చు."